సోలార్ పంపు కదలాలి, కౌలు రైతుకూ దక్కాలి

కరెంటు లైను చేరని కాలువ గట్ల మీద, వాగుల ఒడ్డున ఇప్పటికీ ఆయిల్ ఇంజనే దిక్కు. అక్కడ సేద్యం చేసే కౌలు రైతు కౌలుతో పాటు డీజిల్ ఖర్చూ మోస్తున్నాడు. డీజిల్ పంపుల స్థానంలో సోలార్ పంపులు పెడతామని కేంద్రం 2019లో పీఎం కుసుమ్ పథకం తెచ్చింది. 7.5 హార్స్‌పవర్ వరకు పంపు ఖర్చులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం భరించాలి. మిగిలిన 40 శాతం రైతు వాటా. అందులో 30 శాతం వరకు బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చు.

కాగితం మీద బాగానే ఉంది. కానీ ప్యానెళ్లను సాధారణంగా సిమెంటు దిమ్మెల మీద బిగిస్తారు. ఏటా చేను మారే కౌలుదారు ఆ దిమ్మెలను ఎక్కడికి మోసుకుపోతాడు? పట్టా లేనివాడికి అప్పు ఎవరిస్తారు? ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు గడువు 11 నెలలు. ప్యానెల్ పాతికేళ్లు పనిచేసే వస్తువు. ఈ రెండూ కలవాలంటే పంపు భూమి వెంట కాక రైతు వెంట నడవాలి. ట్రాలీ మీద కదిలే ఫ్రేమ్ కావాలని మనం అడిగేది ఇందుకే.

ఇది మన ఊరి వెల్డింగ్ షాపులో తయారుకాగల వస్తువే. 3 హార్స్‌పవర్ పంపుకు 540 వాట్ల ప్యానెళ్లు ఆరు చాలు. ఒక్కోటి సుమారు 28 కిలోలు, ఆరింటికీ 170 కిలోల లోపే. ట్రాక్టరు లాగుతుంది, రాత్రికి ఇంటి ముందు పెట్టుకుంటే దొంగల భయమూ తగ్గుతుంది. ఒకే ట్రాలీని నలుగురు రైతులు వంతులవారీగా వాడుకోవచ్చు.

అయితే బరువు తక్కువని గాలిని తేలిగ్గా తీసుకోవద్దు. గంటకు 150 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే ఒక్క ప్యానెల్ మీదే పావు టన్నుకు పైగా ఒత్తిడి పడుతుంది. కాబట్టి ఫ్రేమ్‌ను పడుకోబెట్టే మడత బందులు, నాలుగు మూలలా నేలలోకి దిగే మేకులు, గొలుసులు తప్పనిసరి. వెల్డింగ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది, అక్కడ జింకు పెయింట్ వేయాలి. ప్యానెల్ అంచుకు రంధ్రాలు పెట్టకుండా క్లాంపులతో బిగించాలి. దక్షిణం వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలు మన ప్రాంతానికి సరిపోతుంది. వరుసగా కలిపిన ఆరు ప్యానెళ్లలో దాదాపు 300 వోల్టులుంటాయి. ఎండ ఉన్నంతసేపూ అవి ఆగవు. అందుకే డీసీ స్విచ్, ఎర్త్ లేకుండా ట్రాలీని కదిలించకూడదు.

పథకం మార్గదర్శకాల్లో నీటి వినియోగదారుల సంఘాలకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇప్పటికే చోటుంది. కాబట్టి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను డిమాండ్ చేస్తున్నాం: కౌలు రైతుల గ్రూపులకు పట్టా అడగకుండా పంపులు ఇవ్వాలి. ట్రాలీ ఫ్రేమ్‌ను సబ్సిడీ జాబితాలో చేర్చాలి. గాలికి నిలిచే డిజైన్‌ను ప్రభుత్వమే పరీక్షించి వెల్డర్లకు ఉచితంగా అందించాలి. బ్యాంకు అప్పుకు గ్రూపు హామీ సరిపోవాలి.

ఏ ఊళ్లో ఎన్ని ఆయిల్ ఇంజన్లు నడుస్తున్నాయో, ఎందరు కౌలుదారులు వాటి మీద ఆధారపడ్డారో గ్రామ శాఖలు ఈ నెలలోనే లెక్క తీయాలి. ఆ జాబితాలతోనే కలెక్టర్ల దగ్గరికి వెళదాం.