మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక పాట



ఉగాది కార్యక్రమం గురించి మన వాట్సాప్ గ్రూపులో పది రోజులుగా చర్చ నడుస్తోంది. సినిమా పాటల ఆర్కెస్ట్రా పెట్టమని కొందరు, శాస్త్రీయ సంగీత కచేరి పెట్టమని కొందరు. ఆర్కెస్ట్రాకు ఖర్చు ఎక్కువ, కచేరికి జనం రారు. ఈ రెండు మాటల దగ్గరే అందరం ఆగిపోయాం. మేము మూడో మాట ఒకటి చెప్పదలచుకున్నాం. కొంచెం పొడవుగా ఉంటుంది, లండన్ దాకా వెళ్ళి రావాలి, ఓపికగా చదవండి.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయింది. విమానదాడుల భయంతో లండన్‌లో రాత్రి దీపాలు ఆర్పేశారు. నాటకశాలలు, సంగీత శాలలు మూతపడ్డాయి. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉన్న నేషనల్ గ్యాలరీ నుంచి విలువైన చిత్రపటాలను దూరప్రాంతాలకు తరలించారు. మిగిలింది ఖాళీ గోడలే. అప్పుడు మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు గ్యాలరీ డైరెక్టరు కెన్నెత్ క్లార్క్‌ను కలిసి, ఇక్కడ పగటిపూట కచేరీలు పెడదామన్నారు. సాయంత్రం కుదరదు కాబట్టి మధ్యాహ్నం భోజన విరామం.

ఆ ఏడాది అక్టోబరు 10న మొదటి కచేరి. టిక్కెట్టు ఒక షిల్లింగు. కొద్దిమంది వస్తే చాలనుకుంటే వందలమంది వరుస కట్టారు. ఆ తరువాత సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజూ ఒంటిగంటకు కచేరి. బాంబులు ఎక్కువగా పడిన రోజుల్లో కింద నేలమాళిగలోకి మార్చారు గాని ఆపలేదు. 1946 ఏప్రిల్ 10 వరకు మొత్తం 1,698 కచేరీలు జరిగాయి. వచ్చినవారు 8,24,152 మంది. రైల్వేలో లెడ్జర్లు రాసిన అలవాటు పోదు కదా, భాగించి చూశాం. కచేరికి సగటున 485 మంది. మైరా హెస్ తానే సుమారు 150 సార్లు వాయించారు. 1942లో తీసిన ‘లిజన్ టు బ్రిటన్’ అనే చిన్న చిత్రంలో ఆమె అక్కడ వాయిస్తున్న దృశ్యం ఉంది. మనవళ్ళను అడిగితే ఫోనులో వెతికి పెడతారు, చూడండి.

అక్కడికి వచ్చినవారిలో ఆఫీసు గుమాస్తాలు, టైపిస్టులు, సెలవు మీద వచ్చిన సిపాయిలు ఉన్నారు. స్వచ్ఛందంగా పనిచేసే ఆడవాళ్ళు శాండ్‌విచ్‌లు చేసి అమ్మేవారు. తేనె, ఎండుద్రాక్ష పెట్టిన శాండ్‌విచ్‌కు మంచి పేరట. తిని, ఒక గంట విని, మళ్ళీ పనికి. ఆఫీసులో భోజన విరామం ఎంత విలువైనదో ఉద్యోగం చేసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆ గంటను ఇచ్చి పాట విన్నారంటే, పాట వాళ్ళకు అన్నంతో సమానమయింది.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడ వినిపించిన సంగీతంలో ఎక్కువ భాగం ఎవరిది? బాఖ్, బీథోవెన్, షూబర్ట్, షూమన్, బ్రామ్స్. అంతా జర్మన్ భాష మాట్లాడినవారే. పైన బాంబులు వేస్తున్నదీ ఆ భాషవాళ్ళే. ఎలెనా గెర్హార్ట్ అనే గాయని లైప్‌జిగ్ దగ్గర పుట్టి, హిట్లర్ పాలన వచ్చాక 1934లో లండన్ చేరినవారు. ఆమె ఆ గ్యాలరీలో, యుద్ధం మధ్యలో, జర్మన్ పాటలు పాడారు. లండన్ జనం కూర్చుని విన్నారు. అంతకుముందు యుద్ధంలో మాత్రం అలా జరగలేదు. లండన్‌లో జర్మన్ పియానో కంపెనీ కట్టిన బెఖ్‌స్టైన్ హాలును స్వాధీనం చేసుకుని అమ్మేశారు. 1917లో అది విగ్మోర్ హాల్ అనే కొత్త పేరుతో తెరుచుకుంది. ఒక తరం కోపంతో చేసిన పనిని తరువాతి తరం చేయలేదు.

ఈ పాటలను జర్మన్‌లో ‘లీడర్’ అంటారు. ఒక పాట అయితే ‘లీడ్’. మన రాజకీయ లీడరు కాదు. ఒక గొంతు, ఒక పియానో, ఒక కవిత, అంతే. పాట మూడు నాలుగు నిమిషాలు. షూబర్ట్ 31 ఏళ్ళకే కన్నుమూశాడు గాని ఇలాంటివి 600కు పైగా కట్టాడు. అతను 17 ఏళ్ళప్పుడు చేసిన ఒక పాటలో ఒక పిల్ల రాట్నం వడుకుతూ ప్రియుణ్ణి తలుచుకుంటుంది. గొంతు ఆ పిల్ల మనసు చెబుతుంటే పియానో రాట్నమై తిరుగుతుంది. ఆమె మాట ఆగినచోట రాట్నం కూడా ఆగుతుంది. అందుకే ఆ కచేరీల్లో పియానో వాయించేవారి పేరును గాయని పేరు పక్కనే వేస్తారు. మన దగ్గర వయొలిన్ వాయించే అబ్బాయికి శాలువ కప్పేటప్పుడు పేరు మరిచిపోయి, పక్కవాళ్ళను అడిగి చెప్పిన సందర్భాలు మనందరం చూశాం.

ఇంకొక సంగతి. కాథ్లీన్ ఫెరియర్ అనే అమ్మాయి బ్లాక్‌బర్న్ ఊళ్ళో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది. 1942 డిసెంబరు 28న ఆమె ఈ గ్యాలరీ మధ్యాహ్న కచేరిలో పాడింది. లండన్ ఆమె గొంతు విన్న తొలి రోజుల సంగతి అది. 1953లో 41 ఏళ్ళకే పోయింది గాని, ఆ లోపల ప్రపంచమంతా ఆమెను విన్నది. పెద్ద హాలులో పెద్దవాళ్ళకే చోటు. చిన్న కచేరి ఉంటేనే కొత్త గొంతుకు గుమ్మం దొరుకుతుంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. లండన్‌లో జర్మన్ పాట వినబడుతున్న ఆ సంవత్సరాల్లోనే ఇక్కడ తమిళ ఇసై ఉద్యమం నడిచింది. కచేరీల్లో అన్నీ తెలుగు, సంస్కృత పాటలే, మా తమిళ పాటలు చివర తుక్కడాలుగా మిగిలాయి అన్నారు. రాజా అణ్ణామలై చెట్టియార్ ముందుండి 1943లో మద్రాసులో తమిళ ఇసై సంగం పెట్టారు. తెలుగువాళ్ళు కొందరు దీన్ని ఇప్పటికీ మనసులో పెట్టుకుని మాట్లాడుతారు. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, తిరుక్కురళ్ కంఠస్థం చేసినవాళ్ళం. మా అభిప్రాయం వేరు. తమ ఊళ్ళో తమ భాషలో పాట కావాలని అడగడంలో తప్పేమీ లేదు. వాళ్ళు సంఘం పెట్టారు, పాటలు వెతికారు, పాడించారు. తెలుగు పాటను ఎవరూ గెంటివేయలేదు. నేటికీ తిరువయ్యారులో పంచరత్నాలు పాడుతున్నారు. అయిదింటిలో ఒకటి సంస్కృతం, నాలుగు తెలుగు. పాడేవారిలో ఎక్కువమందికి ఇంట్లో తెలుగు లేదు, అయినా అక్షరం తప్పకుండా పాడుతారు.

ఇంట్లో తెలుగు ఉన్న మన పిల్లల మాట ఏమిటి? మాట్లాడుతారు, చదవలేరు. కీర్తన వింటే రాగం బాగుందంటారు, మాట అర్థం కాలేదంటారు. త్యాగరాజు తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో జీవించినవారు. క్షేత్రయ్య మదురై, తంజావూరు నాయకరాజుల సభల్లో పదాలు పాడినవారు. ఈ మట్టిలో పుట్టిన తెలుగు పాట మన పిల్లలకు పరాయి పాట అయిపోతున్నదంటే దానికి తమిళులు కారణం కారు. అర్థం చెప్పి వినిపించేవాళ్ళు లేకపోవడం కారణం.

విగ్మోర్ హాలులో సోమవారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు నేటికీ కచేరి ఉంది, బీబీసీ రేడియోలో వస్తుంది. అక్కడ లీడర్ పాడే రోజున ఇచ్చే పుస్తకంలో ఒకవైపు జర్మన్ మాటలు, పక్కన ఇంగ్లీషు అర్థం అచ్చు వేస్తారు. వినేవాడు కళ్ళతో అర్థం పట్టుకుని చెవితో పాట వింటాడు. మనం చేయవలసింది ఇదే.

మా ప్రతిపాదన ఇది. నెలకు ఒక ఆదివారం, మన సంఘం హాలులో మధ్యాహ్నం 12 గంటలకు మొదలు, ఒంటిగంటకు ముగింపు. ఒక గొంతు, ఒక వాద్యం. వయొలిన్ కావచ్చు, వీణ కావచ్చు, కీబోర్డు వచ్చిన పిల్ల ఉంటే అదీ మంచిదే. పాటలు ఆరు మించకూడదు. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగరాజు, చివర మన ఇళ్ళలో పాడే ఒక లాలిపాట. ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇవ్వాలి. పాట తెలుగు లిపిలో, పక్కన తమిళ లిపిలో, కింద తమిళంలో అర్థం. టిక్కెట్టు 20 రూపాయలు. ఊరికే ఇస్తే విలువ ఉండదు. పాట అయ్యాక పులిహోర, పెరుగన్నం. ప్రసంగాలు, సన్మానాలు ఆ గంటలో వద్దు, వాటికి ఉగాది ఉంది.

మధ్యాహ్నం ఎందుకంటారా? సాయంత్రం ఆరుకు అని పిలిచి ఏడుంపావుకు దీపం వెలిగిస్తాం. సన్మానాలు అయ్యేసరికి ఎనిమిదిన్నర. పాట మొదలయ్యే వేళకు మన అమ్మమ్మలు, నానమ్మలు చివరి బస్సు కోసం లేచి వెళ్ళిపోతారు. ఆ పాటల అర్థం తెలిసినవాళ్ళు వాళ్ళే. వాళ్ళు లేని హాలులో మనం ఎవరికి పాడిస్తున్నాం? పగలైతే వెలుగుండగా వస్తారు, వెలుగుండగా ఇల్లు చేరుతారు.

తమిళ లిపిలో అచ్చు వేస్తే పిల్లలు ఇక తెలుగు నేర్చుకోరని ఒక పెద్దాయన ఇప్పటికే అభ్యంతరం చెప్పారు. వారి ఆవేదన మాకు అర్థమవుతుంది. కాని తెలుగు లిపి ఒక్కటే వేసిన మన ఉగాది కరపత్రాన్ని ఎంతమంది పిల్లలు చదివారో వారినే అడుగుతున్నాం. ముందు పాట మీద ఇష్టం పుట్టాలి. ఇష్టం పుట్టినవాడు పక్క వరుసలో ఉన్న అక్షరం ఏమిటని తానే అడుగుతాడు. మేము కూడా తెలుగు అక్షరాలు అలాగే నేర్చుకున్నాం, ఉద్యోగంలో చేరిన తరువాత, పాటల పుస్తకంలో.

ఆర్కెస్ట్రాకు అనుకున్న డబ్బులో నాలుగో వంతు ఉంటే ఏడాదంతా పన్నెండు కచేరీలు జరుగుతాయి. మొదటి రోజు ఇరవై మందే వస్తే ఇరవై మందికే పాడిద్దాం. వచ్చే కార్యవర్గ సమావేశంలో దీన్ని ఒక అంశంగా పెట్టమని కోరుతున్నాం. ఇంట్లో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలున్నవాళ్ళు కింద పేర్లు రాయండి. వాద్యం నేర్చుకుంటున్న పిల్లల పేర్లు కూడా, తప్పకుండా.