రిమ్ము పెరిగితే బండి లేవదు

పికప్ కొన్నవాళ్లు షోరూం నుంచి నేరుగా టైర్ల షాపుకి పోయి 20 అంగుళాల అల్లాయ్‌లు ఎక్కించడం మామూలైపోయింది. చక్రం పెద్దదైతే బండి ఎత్తు లేస్తుందనీ, గుంతల్ని లెక్కచేయదనీ, లోడు బాగా లాగుతుందనీ నమ్మకం. ఇది మొదలంటా తప్పు.

మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌నే చూడండి. 2016లో వచ్చినప్పుడు 16 అంగుళాల రిమ్ము, 245/70 టైరు. తర్వాత 18 అంగుళాల రిమ్ము, 255/60 టైరు వచ్చాయి. 255 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. అందులో 60 శాతం, అంటే 153 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు. గుంత దెబ్బ రిమ్ముకు తగలకుండా కాసేది ఆ గోడా, దాని వెనకున్న గాలీ. 20 అంగుళాల రిమ్ము వేసి చక్రం కొలత మారకూడదంటే 255/50 టైరు ఎక్కించాలి. గోడ 127.5కి దిగిపోతుంది. ఒక అంగుళం కాపుదల పోయింది. బండి లేచిందా? రెండు చక్రాలూ 763 మిల్లీమీటర్లే!

వెనక యాక్సిల్ మధ్యనుండే డిఫరెన్షియల్ రాయికి తగలకుండా పోవాలంటే టైరు బయటి కొలత పెరగాలి. రిమ్ము ఎంత పెంచినా ఆ ఎత్తు రాదు.

గోడ పొట్టిదైతే ఏమవుతుందో పంక్చర్ షాపుల వాళ్లకు బాగా తెలుసు. గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య టైరు నలిగి లోపలి దారాలు తెగుతాయి, పక్కన బుడగలా ఉబ్బుతుంది. మేకు దిగితే ప్యాచ్ వేయొచ్చు. ఉబ్బిన టైరును పారేయాల్సిందే.

లోడు సంగతి ఇంకా ముఖ్యం. బరువు మోసేది టైరులోని గాలి. టైరు మీద లోడు సూచిక 112 అని ఉంటే 1120 కిలోలు మోస్తుంది, 108 అని ఉంటే 1000. డిజైను చూసి టైరు ఎంచుకునేవాళ్లు ఈ అంకె చూడరు. మేత బస్తాలు వేసుకుని చెరువు గట్టెక్కే బండికి అది ప్రాణాపాయం.

పెద్ద రిమ్ముతో మేలు లేదనను. మలుపుల్లో టైరు తక్కువ ఊగుతుంది, పెద్ద బ్రేకులకు చోటు దొరుకుతుంది. ఔటర్ రింగు రోడ్డు దిగని బండికి అది చాలు. కానీ ఎడారి ఇసుకలో వేల కిలోమీటర్లు పరుగెత్తి 2022 డాకార్ ర్యాలీ గెలిచిన టయోటా హైలక్స్ రిమ్ము 17 అంగుళాలే, దాని మీద టైరు 37 అంగుళాలు. ఇసుకలో గాలి తగ్గిస్తే టైరు పరుచుకోవాలి, దానికి గోడ ఉండాలి.

చేలకూ గట్లకూ పోయే బండైతే 18 దాటకండి. బ్రేకు కాలిపర్‌కు తగలకుండా పడితే 17కి దిగండి. 255/65 టైరుతో చక్రం అదే 763, గోడ మాత్రం 166 మిల్లీమీటర్లు.