సీటు మీద తువ్వాలు, డిస్కులో చోటు

ఖమ్మంలో భద్రాచలం బస్సు ఎక్కినవాళ్ళకి తెలుసు. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరితేనే సీటు. బయట నిలబడి "అది నాదే" అని మనసులో అనుకుంటే కొత్తగూడెం దాకా నిలువుకాళ్ళ ప్రయాణమే. ఇంత చిన్న విషయం మన సాఫ్ట్‌వేర్ బాబులకి మాత్రం ఎందుకో బుర్రకెక్కదు.

సంగతేంటంటే, 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, ఇక చూసుకోండి. ఆ వానల్లో అడవి అంచున మేం పెట్టిన వాన కొలిచే పెట్టె ఒక రాత్రంతా ఏమీ రాయలేదు. అక్కడ సిగ్నల్ ఉండదు, లెక్కలన్నీ లోపలి ఫైల్లోనే దాచాలి. ఫైలు సైజు చూస్తే 1 జీబీ! నిజానికి మావాడు ఎఫ్‌ట్రంకేట్‌తో సైజు మాత్రమే పెట్టాడు, డిస్కులో ఒక్క బ్లాకూ కేటాయించలేదు. డీయూ కొట్టి ఉంటే బండారం బయటపడేది. ఈలోపు డీబగ్ లాగులు మిగిలిన చోటంతా మింగేశాయి. ఎమ్‌మ్యాప్ చేసిన ఫైల్లో రాయబోతే బ్లాకు దొరక్క సిగ్‌బస్, ప్రోగ్రాం హరీ. వాన లెక్క వానలో కలిసిపోయింది.

ఇంకొందరు జాగ్రత్తపరులుంటారు. డీడీతో సున్నాలు నింపుతారు. చోటు దొరుకుతుంది సరే, జీబీ అంతా రాస్తే అరిగేది ఎవరి ఫ్లాష్ కార్డు?

ఫాలొకేట్ 2007లోనే, 2.6.23 కెర్నల్‌తో వచ్చింది. ఆ ప్యాచ్‌లు పంపింది ఐబీఎం ఇంజనీరు అమిత్ అరోరా. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లలో అది బ్లాకులు కేటాయించి "ఇంకా రాయలేదు" అని గుర్తు పెడుతుంది. చదివితే సున్నాలే వస్తాయి. చిటికెలో పని. చోటు లేకపోతే అప్పుడే, మనం ఆఫీసులో టీ తాగుతున్నప్పుడే చెప్పేస్తుంది, వరద రాత్రి కాదు.

"అన్ని ఫైల్ సిస్టంలలో పనిచెయ్యదుగా" అంటారా? ఒప్పుకుంటా. ఈఎక్స్‌టీ3లో కుదరదు. పోసిక్స్ ఫాలొకేట్ వాడితే అక్కడ గ్లిబ్‌సీ బ్లాకు బ్లాకుకీ రాసుకుంటూ నెట్టుకొస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్ తీశాక మళ్ళీ రాస్తే కొత్త చోటు కావాలి. అందుకే కదా బాబూ, రిటర్న్ వాల్యూ చూడమనేది!

"డిస్కులు చవకైపోయాయి, ఇదంతా ఎందుకు" అనేవాళ్ళకి ఒకటే మాట. డిస్కు చవకే, ఆ రాత్రి చవక కాదు. అక్కడ ఎంత వాన పడిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఒక్క లైను రాసుంటే చెప్పేవాళ్ళం.

అన్నట్టు, మావాడి కోడు రివ్యూ చేసి "సరే" అన్నది నేనే.