విధి పేరిట ప్రతీకారం: ఒక గ్రీకు నాటకం, ఒక ధర్మసూక్ష్మం



"అంతా ప్రారబ్ధం స్వామీ" అన్న మాట అర్చకుని చెవిన పడని దినం లేదు. వ్యాధిగ్రస్తుడు పలికితే అది సహనం. సోదరునిపై పగబూనినవాడు పలికితే అది ఆత్మవంచన. ఈ భేదాన్ని నాకు విస్పష్టం చేసిన కృతులలో ఒకటి మన వాఙ్మయంలోనిది కాదు. అది గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ రచించిన 'ఒరెస్టియా'. క్రీ.పూ. 458లో ఏథెన్సు నగరంలో, డయోనైసస్ దేవుని ఉత్సవంలో ప్రదర్శితమై ప్రథమ బహుమానం పొందిన నాటకత్రయమది.

గ్రీకు విషాద నాటకమంటే కేవల విధివాదమని పలువురి అభిప్రాయం. నేను ఏకీభవించలేను.

ట్రాయ్ నగరంపై దండెత్తబోయిన నౌకలను ప్రతికూల వాయువులు నిలిపివేయగా, అగమెమ్నన్ మహారాజు దేవతాప్రీతికై కన్నకూతురు ఇఫిజీనియాను బలి ఇచ్చాడు. 10 సంవత్సరాల యుద్ధానంతరం విజేతగా తిరిగివచ్చిన అతనిని భార్య క్లిటెమ్నెస్ట్రా స్నానవేళ వస్త్రంలో బంధించి వధించింది. కుమారుడు ఒరెస్టీస్ అపోలో దేవుని ఆదేశంతో తల్లిని సంహరించాడు. ఆ మాతృహత్యకు ఎరిన్యీస్ అనే ఉగ్రదేవతలు అతనిని వెంటాడారు. ప్రతివారూ తాము న్యాయమే చేశామన్నారు. ప్రతి న్యాయమూ మరొక హత్యకు బీజమైంది.

భర్తను చంపిన పిదప క్లిటెమ్నెస్ట్రా చేసే వాదం గమనార్హం. ఈ వంశాన్ని పట్టిన ప్రాచీన ప్రతీకారభూతమే తన రూపంలో ఈ పని చేసిందంటుంది. వృద్ధుల గాయకబృందం ఆ భూతాన్ని నిరాకరించదు, కాని ఆమెను నిర్దోషిగానూ అంగీకరించదు. దైవశక్తి సహకరించి ఉండవచ్చు, కర్తృత్వం మాత్రం ఆమెదే.

నాటకశిల్పమూ ఇదే తత్త్వాన్ని పోషిస్తుంది. హత్య రంగస్థలంపై జరగదు, అంతఃపురం నుండి ఆర్తనాదం మాత్రమే వినిపిస్తుంది. మన నాట్యశాస్త్రమూ వధను ప్రత్యక్షంగా చూపరాదనే చెబుతుంది. తరువాత రెండు శవాలు, వాటి చెంత నిలిచిన క్లిటెమ్నెస్ట్రా కనిపిస్తారు. రెండవ నాటకంలో అదే దృశ్యం పునరావృతమవుతుంది. ఈసారి శవాలలో ఒకటి ఆమెదే, నిలిచినవాడు ఆమె కుమారుడు. ప్రేక్షకుడు చూచేది వధను కాదు, కర్మఫలాన్ని. అంతకుముందు తల్లి ఎదుట ఒరెస్టీస్ ఒక క్షణం సంకోచించి, మిత్రుని సలహా అడుగుతాడు. విధియే సర్వకర్త అయితే ఆ సంకోచానికి అర్థమేమిటి?

చివరకు ఎథీనా దేవి న్యాయసభను నెలకొల్పుతుంది. ఓట్లు సమానం కాగా ఒరెస్టీస్ విముక్తుడవుతాడు. అక్కడ తల్లి నిజమైన జన్మదాత కాదని అపోలో చేసే వాదాన్ని, తల్లిని ప్రథమదైవంగా ఎంచే సంప్రదాయంలో పెరిగిన నేను అంగీకరించలేను. కాని ఆ పిదప ఎథీనా ఉగ్రదేవతలను శిక్షించక, మృదువచనాలతో శాంతింపజేసి, పూజాస్థానమిచ్చి నగరరక్షకులుగా మార్చడం నాకు శిరోధార్యం. క్రోధం నశించలేదు, ధర్మానికి లోబడింది.

మన భాగవతంలో ద్రౌపది న్యాయసభ కోసం వేచి ఉండలేదు. నిద్రిస్తున్న తన బిడ్డలను చంపిన అశ్వత్థామను బంధించి తెచ్చినప్పుడు, తనవలె అతని తల్లి కూడా విలపించరాదని విడిపించింది. పుత్రశోకం ఆమె ప్రారబ్ధం కావచ్చు. ఆ క్షమ మాత్రం ఆమె స్వయంగా చేసిన కర్మ.

సాధకులారా, మనకు జరిగినది ప్రారబ్ధమే కావచ్చు. దానికి ప్రతిగా మనం చేయబోయేది ఆగామి, అది ఇంకా మన చేతిలోనే ఉన్నది.

స్వస్తి.