కింగు వీధి ట్రాములు

కెనడాలోని టొరంటో నగరమున, కింగు వీధిలో ట్రాములకు ప్రాధాన్య మొసగు ప్రయోగము 2017 నవంబరులో మొదలయ్యెను. బాథర్స్టు, జార్విసు వీధుల నడుమ మోటారుకార్లు తిన్నగా సాగిపోరాదు. కూడలియందు కుడివైపునకు మరలవలెను. దినమునకు 72,000గా నుండిన ప్రయాణికులు 84,000 అయిరి. 2019లో ఈ యేర్పాటు శాశ్వతమయ్యెను. అంతటితో తమ పని తీరినదని పాలకులు తలంచిరి కాబోలు, నిఘా సడలెను! 2023లో సొరంగపు రైలు పనులకై క్వీను వీధి కొంతమేర మూయబడగా, కార్లు కింగు వీధిని క్రమ్ముకొనెను. ట్రాములు వాని వెనుక నిలిచిపోయెను. కూడళ్లయందు బండ్లను మరల్చు ఉద్యోగులను నిలిపిన పిదపనే కొంత కదలిక కలిగెను. 2024లో చర్చి వీధి కూడలియందు పాత పట్టాలను, నీటిగొట్టమును మార్చిరి. మార్చవలసినదే. కాని యొక్కడు కూర్చున్న కారు అడ్డు నిలిచినచో, నూరుమంది యెక్కిన ట్రాము క్రొత్త పట్టాలపైనను కదలదు గదా! కావున కూడళ్లలో నా యుద్యోగులను మరమ్మతుల కాలమందే గాక, ఏడాది పొడవునను నిలుపవలెను. నియమము మీరిన కారువానికి జరిమానా తప్పకుండ విధింపవలెను.