మరల పెరిగిన బరువు నేరము కాదు

స్థూలకాయమును తగ్గించుకొనుటకై శస్త్రచికిత్స చేయించుకొనుట మన కుటుంబములలో నేడు వింతగా చెప్పుకొను విషయము కాదు. చెన్నపట్టణము, బెంగుళూరు, ముంబయి, పూనా, భువనేశ్వరము మొదలగు నగరములలోని పెద్ద వైద్యశాలలలో ఈ చికిత్స జరుగుచునే యున్నది. తొలి సంవత్సరమున ఇంటిల్లిపాదియు సంతసింతురు. మెట్లెక్కునపుడు ఆయాసము తగ్గును. మోకాళ్ల నొప్పి తగ్గును. అనేకులకు మధుమేహపు మందుల మోతాదు తగ్గును. చూచినవారెల్ల మెచ్చుకొందురు. కాని రెండు మూడేండ్లు గడచిన పిదప కొందరిలో బరువు మెల్లమెల్లగా మరల పెరుగసాగును. అప్పుడు బంధువులు మెచ్చుకోలు మాని ఒక ప్రశ్న వేయుదురు: "లక్షలు పోసి కడుపు కోయించుకొంటివి గదా, మరల ఇదేమి?"

ఈ ప్రశ్న వేయువారు దుర్మార్గులు కారు. వారిలో పెక్కుమంది ప్రేమతోనే అడుగుచున్నారు. అయినను ఆ ప్రశ్నను పలుమారులు విన్నవారు తరచుగా చేయు పని యొకటి కలదు. వైద్యుని యొద్దకు పోవుట మానుదురు. బరువు చూచుకొను యంత్రమును మంచము క్రిందికి త్రోయుదురు. పెండ్లి పిలుపు వచ్చినచో ఏదో వంక చెప్పి ఇంటనే యుందురు. రాత్రి అందరును నిద్రించిన పిదప ఒంటరిగా తిందురు. సాయము మిక్కిలి అవసరమైన సమయముననే సాయమునకు దూరమగుదురు. మరల వచ్చిన బరువు కంటె ఈ దాచుకొనుటయే ఎక్కువ హానికరమని మా అభిప్రాయము. ఆ హానిలో మన పాలు కొంత కలదు గనుక ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

ముందుగా ఈ చికిత్స చేయునదేమో, చేయలేనిదేమో తెలిసికొందము. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1966లో అమెరికాలోని అయోవాలో మేసన్, ఇటో అను శస్త్రవైద్యులు జీర్ణకోశమును విభజించి, పైనున్న చిన్న భాగమును ప్రేగునకు కలుపు పద్ధతిని మొదలిడిరి. గ్యాస్ట్రిక్ బైపాస్ అని నేడు పిలుచునది దాని నుండి వృద్ధి చెందినదే. స్లీవ్ అను మరియొక పద్ధతిలో జీర్ణకోశమున సుమారు నాలుగింట మూడు వంతులను తొలగించి, మిగిలినదానిని సన్నని గొట్టము వలె చేయుదురు. ఆకలిని పుట్టించు గ్రెలిన్ అను స్రావము ఎక్కువగా ఆ తొలగించిన భాగము నుండియే వెలువడును. అందుచేత కొలది తిండితోనే కడుపు నిండును, ఆకలియు తగ్గును. ఇంతవరకు కత్తి చేయగల పని. ఇంటి చింతలను, అప్పుల బాధను, నిద్రలేమిని, పుట్టెడు దుఃఖమును కోసి తీసివేయు కత్తి ఏ వైద్యశాలలోను లేదు.

బరువు కొంత తిరిగి వచ్చుట ఎంత సామాన్యమో అంకెలను చూచినచో బోధపడును. స్వీడన్ దేశమున 1987లో ప్రారంభమైన ఒక గొప్ప పరిశోధనలో నాలుగు వేలకు పైగా స్థూలకాయులను అనేక సంవత్సరములు పరిశీలించిరి. వారిలో సుమారు సగము మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. 2007లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకొన్నవారు తొలి ఒకటి రెండేండ్లలో సగటున నూటికి 32 వంతుల బరువు తగ్గిరి. పదేండ్లకు ఆ తగ్గుదల 25 వంతులుగా నిలిచినది. అనగా 120 కిలోల మనుష్యుడు సుమారు 82 కిలోలకు దిగి, పదేండ్లకు 90 కిలోలకు చేరినట్లు. ఎనిమిది కిలోలు తిరిగి వచ్చినవి. ముప్పది కిలోలు తిరిగి రాలేదు. శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు తక్కువగా నుండెనని కూడ అదే పరిశోధన తెలిపినది. ఇది సగటు లెక్క. కొందరికి ఇంతకంటె ఎక్కువయే తిరిగి వచ్చును. అయినను వచ్చిన ఎనిమిదింటిని చూచి, పోయిన ముప్పదింటిని మరచి, "అంతయు వ్యర్థమైనది" అనుట న్యాయమగునా?

శరీరము తాను కోల్పోయిన బరువును తిరిగి సంపాదించుకొనుటకు ప్రయత్నించుట దాని స్వభావము. 2011లో ఆస్ట్రేలియా వైద్యులు ప్రకటించిన యొక పరిశోధనలో, ఆహార నియమముచేత బరువు తగ్గినవారికి ఏడాది గడచిన పిదప కూడ ఆకలిని పెంచు స్రావములు మునుపటి కంటె ఎక్కువగనే యుండెను. శస్త్రచికిత్స ఈ పోరులో మనకు గట్టి బలమునిచ్చును గాని పోరును ముగింపదు. కాలక్రమమున చిన్నదైన కోశము కొంత సాగవచ్చును. తినగల పరిమాణము కొంత పెరుగవచ్చును. రక్తపు పోటునకు మందు వాడుచున్నవానికి పోటు మరల పెరిగినచో మనమేమి చేయుదుము? వైద్యుని కలిసి మందు మార్పించుకొమ్మందుము. "నీకు పట్టుదల లేదు" అని ఎవ్వరును నిందింపరు. బరువు విషయమున మాత్రము ఆ మర్యాద ఏల తప్పవలయును?

ఇక మానసికమైన ఒత్తిడి సంగతి. ఒత్తిడి అధికమైనపుడు శరీరమున కార్టిసాల్ అను స్రావము హెచ్చును. తీపి మీదికి, నూనె పదార్థముల మీదికి మనసు పోవును. నిద్ర చెడినచో ఆకలి మరింత రేగును. పెక్కుమందికి తిండియే ఓదార్పు. అంగడి మూసి ఇల్లు చేరిన వర్తకునకు ఒక పళ్లెము పకోడీలు, అత్తమామల సేవతో అలసిన గృహిణికి మధ్యాహ్నపు వేళ రెండు మిఠాయిలు, ఇవి ఆకలి తీర్చుకొనుటకు కాదు, మనసును ఊరడించుకొనుటకు. శస్త్రచికిత్స ఆ ఊరడింపును ఒక్కనాటిలో లాగికొనును. కష్టమును మాత్రము అట్లే యుంచును. పెద్ద భోజనము పట్టదు గాని, జంతికలు, చేగోడీలు ఒక్కొక్కటిగా పూటంతయు తినుటకు చిన్న కోశము అడ్డురాదు. ఐస్‌క్రీము, పాయసము, చక్కెర పానీయములు మెత్తగా జారిపోవును. తిరిగి పెరుగు బరువులో చాల భాగము ఈ దారిననే వచ్చును.

తిండి మానినవారిలో కొందరు మద్యము వైపు తిరుగుట మరింత భయంకరము. బైపాస్ జరిగినవారికి మద్యము శీఘ్రముగా రక్తమున చేరును. కొంచెమే పుచ్చుకొన్నను మత్తు ఎక్కువగును. 2012లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో, మద్యపు వ్యసన లక్షణములు శస్త్రచికిత్సకు ముందు నూటికి 7.6 మందిలో నుండగా, రెండవ యేట 9.6 మందిలో కనబడినవి. కనుక ఒత్తిడిని గూర్చి ముందుగానే మాటలాడుట విలాసము కాదు; చికిత్సలో అదియు నొక భాగము.

మన భోజన మర్యాదను గూర్చియు ఇచట చెప్పక తప్పదు. కొసరి కొసరి వడ్డించుట మన ఇండ్ల శోభ. తాతల నాడే ఊరు విడిచి వచ్చి, తమిళుల నడుమ, కన్నడిగుల నడుమ, ఒడియా మరాఠీ సోదరుల నడుమ స్థిరపడినను మనము ఈ మర్యాదను వదలుకొనలేదు. కాని గుప్పెడు తిండి మాత్రమే పట్టు కోశము గలవాని విస్తరిలో "మా ఇంటికి వచ్చి ఇంతేనా" యని రెండవ మారు బొబ్బట్టు వేయుట మర్యాద కాదు. వద్దన్నచో మనము నొచ్చుకొందుమని అతడు తినును. తినినచో వాంతి యగునని భయపడును. భోజనము ముగిసిన పిదప మనమే అతని నడుము చుట్టుకొలతను గూర్చి గుసగుసలాడుదుము. ఒకే పంక్తిలో తినలేదని నిష్ఠూరము, తినెనని నింద!

మరియొక చిక్కు మనవంటివారికి ప్రత్యేకముగా కలదు. బజారులోను, కార్యాలయములోను మనము స్థానిక భాషను ధారాళముగా మాటలాడుదుము. మోకాలి నొప్పిని ఏ భాషలోనైనను చెప్పవచ్చును. కాని "రాత్రి ఒంటరిగా వంటింటిలో నిలువబడి ఏల తినుచున్నానో నాకే తెలియదు" అను మాట అనేకులకు తల్లి మాటలోనే నోట వచ్చును. మనసు విప్పవలసిన చోట భాష అడ్డుపడినచో రోగి "అంతయు బాగుగనే యున్నది" అని లేచి వచ్చును. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత సేవకు 14416 సంఖ్యపై ఏ రాష్ట్రము నుండియైనను రేయింబవళ్లు ఫోను చేయవచ్చును. తెలుగులో మాటలాడు అవకాశమును కలదు. దుఃఖము మితిమీరినవారు, ప్రాణము మీద విరక్తి కలిగినవారు క్షణమైనను ఆలస్యము చేయక ఇంటివారికి చెప్పి, ఈ సాయమును గాని వైద్యుని గాని ఆశ్రయింపవలయును.

ఇట్లు మెత్తగా మాటలాడినచో రోగులు అలసత్వము వహింతురని కొందరు పెద్దలు అనవచ్చును. రోగికి బాధ్యత లేదని మేము చెప్పుట లేదు. బాధ్యత కలదు, అది జీవితాంతమును కలదు. ప్రతి పూటయు పప్పు, పెరుగు, గ్రుడ్డు, చేప వంటి మాంసకృత్తులు గల పదార్థమును ముందు తిని, అన్నమును పిదప తినవలయును. దినమునకు 60 గ్రాములకు తక్కువ గాకుండ మాంసకృత్తులు అందవలయునని వైద్యులు సామాన్యముగా చెప్పుదురు. భోజనముతో పాటు నీరు త్రాగరాదు, అరగంట ఆగవలయును. బి12, ఇనుము, కాల్షియము, డి విటమిను మందులను వైద్యుడు చెప్పినట్లు విడువక వాడవలయును. నడక, నిద్ర నియమముగా నుండవలయును. చేయి తిండి వైపు పోవునపుడు "ఇది కడుపు ఆకలియా, మనసు ఆకలియా?" అని ఒక్క నిమిషము ఆగి ప్రశ్నించుకొనవలయును. మనసు ఆకలియైనచో పది నిమిషములు నడచుట, ఆప్తునితో మాటలాడుట, బాధను కాగితముపై వ్రాసికొనుట వంటి మరియొక ఊరడింపును ముందే సిద్ధపరచుకొనవలయును.

అన్నిటి కంటె ముఖ్యము, మూడు నాలుగు కిలోలు పెరిగిననాడే వైద్యుని యొద్దకు పోవుట. ఇరువది కిలోలు పెరుగువరకు వేచియుండుట కాదు. నేడు వైద్యుల చేతిలో ఉపాయములు పెక్కు గలవు. ఆహార నిపుణుల సలహా, మానసిక చికిత్స, అవసరమైనచో సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వంటి మందులు, కొందరికి రెండవ శస్త్రచికిత్స. ఏది ఎవరికి తగునో నిర్ణయించువాడు వైద్యుడు. కాని సిగ్గుచేత గడప దాటని రోగికి వైద్యుడు ఏమి చేయగలడు? సిగ్గు బాధ్యతను పెంచుననుట పొరపాటు. అది బాధ్యతను దాచిపెట్టును.

వైద్యశాలల వారికిని ఒక మనవి. శస్త్రచికిత్సకు ముందు ఫోటోలు, పిదప ఫోటోలు గోడలపై ప్రకటించుచున్నారు. అయిదవ యేట ఏమి జరుగునో కూడ ముందే చెప్పుడు. 2019లో బీమా నియంత్రణ సంస్థ జారీ చేసిన మార్గదర్శకములు, శరీర ద్రవ్యసూచిక 40గాని, తీవ్ర వ్యాధులతో కూడి 35గాని యుండి, ఇతర పద్ధతులు ఫలింపని 18 ఏండ్లు నిండినవారికి వైద్యుని సలహాపై జరుగు ఈ చికిత్సను స్థూలకాయ చికిత్సల మినహాయింపు నుండి తప్పించినవి. సంతోషమే. కాని బీమా సామాన్యముగా వైద్యశాలలో చేరిన దినములకే ధనమిచ్చును. ఆపై ఏండ్ల తరబడి కావలసిన ఆహార సలహాకును, మానసిక సలహాకును రోగి తన చేతి సొమ్మునే పెట్టుకొనవలసి వచ్చుచున్నది. చికిత్సకు సిద్ధపడు కుటుంబములు ఈ తరువాతి ఖర్చును కూడ ముందే లెక్కలో వేసికొనవలయును.

మన సంఘములు చేయగల పనులు స్వల్పములే గాని విలువైనవి. పండుగ విందులలో వడ్డించువారు ఒక మారు వద్దన్నచో మరల అడుగకుండ కట్టడి చేయవచ్చును. చిన్న విస్తళ్లు కూడ పెట్టవచ్చును. నెలకొక సాయంకాలము సంఘ మందిరమున ఒక గది తెరచి, ఈ చికిత్స చేయించుకొన్నవారు తమలో తాము తెలుగున మాటలాడుకొనుటకు ఏర్పాటు చేయవచ్చును. మనలో వైద్యులుగా, ఆహార నిపుణులుగా నున్నవారు ఆ గదిలో ఒక గంట కూర్చున్నచో అది గొప్ప సేవ యగును. తెలుగు చదువరాని యువకులు మనలో పెక్కుమంది గలరు గనుక, వ్రాసిన కరపత్రము కంటె నోటి మాటయే అచట ఎక్కువ మేలు చేయును.

ఈ సారి అట్టి బంధువు ఎదురైనపుడు బరువు మాట ఎత్తవలదు. "ఒంట్లో ఎట్లున్నది? నిద్ర పట్టుచున్నదా? వైద్యుని యొద్దకు పోవునపుడు తోడు రానా?" అని అడుగుడు. ఆ మూడవ ప్రశ్న ఒక్కటి ఎంతమందిని వైద్యశాల గడప దాటించునో పాఠకులే పరీక్షించి చూతురు గాక.