పట్టిసీమ పంపులు, బుడమేరు గట్లు
పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో 24 పంపులూ తిప్పినా గోదావరి నుంచి తోడేది సుమారు 8,500 క్యూసెక్కులే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అందులో ఇది దాదాపు మూడొందలో వంతు. నదుల అనుసంధానం వరదకూ మందేనంటే నాకు నవ్వొస్తుంది. కరువుకంటారా, ఒప్పుకుంటాను, కృష్ణా డెల్టా నారుమళ్లకు ఆ నీళ్లు అక్కరకొచ్చాయి. కానీ ఆ నీళ్లు కృష్ణలో కలిసే దారి ఏది? బుడమేరు వాగు మళ్లింపు కాలువే! 2024 సెప్టెంబరులో దాని ఎడమ గట్టుకు గండ్లు పడే విజయవాడ మునిగింది. ఆ గట్లు బలపరచాలని ఇంజినీర్లకు తెలియక కాదు లెండి. కొత్త కాలువకైతే శిలాఫలకం వేస్తారు, పాత గట్టు మీద మట్టి పోస్తే పేరెక్కడ చెక్కుతారు? గోదావరి-బనకచర్ల లాంటి కొత్త అనుసంధాన పథకాల అంచనాలు తర్వాత, ముందు బుడమేరు గట్ల లెక్క చూపించమంటాను.